తిమింగలము విస్తరిలోనికి

ఒకరు భోజనము చేయుచుండగా వారి విస్తరిలోనికి తేరిపార చూడరాదని మన పెద్దలు పెట్టిన కట్టడి. దిష్టి తగులునని పైకి చెప్పుదురు గాని, లోపలి కారణము వేరని నా యూహ. ఎంతటి బలవంతుడైనను, ఎంతటి ధనవంతుడైనను విస్తరి ముందు కూర్చున్న ఆ కాసేపును నిస్సహాయుడే. వాని యాకలి బయటపడి యుండును, వాని యిష్టానిష్టములు బయటపడి యుండును, వాడు ఏ యింట పెరిగినవాడో ముద్ద కలుపు తీరులోనే తెలిసిపోవుచుండును. కావుననే మర్యాద నెరిగినవాడు తల వంచుకొని తన ముందున్నది తాను తిని లేచును. ఈ కట్టడిని నిర్భయముగా మీరువారు ఇంటిలో ఇద్దరు కలరు. బిడ్డ యెన్ని ముద్దలు తిన్నాడో, కూర నేల ప్రక్కకు నెట్టినాడో కనిపెట్టి చూచు తల్లి యొకతె. ఉమ్మడి గాదెలోని ధాన్యము ఎవరి విస్తరిలో ఎంత కరగిపోవుచున్నదో ఓరకంట లెక్కించు దాయాది మరియొకడు. చూచునది ఆ యన్నమునే. మనస్సులో వేసికొను లెక్కలు మాత్రము వేరు.

తిమింగలములు ఏమి తినును, ఎంత తినును, ఎట్లు తినును అను ప్రశ్నలపై గడచిన నూరేండ్లుగా జరుగుచున్న పరిశోధనలను తీరిక చిక్కినప్పుడెల్ల చదువుకొనుట నాకొక వ్యసనమైనది. రొయ్యపొట్టు రూపమున దప్ప సముద్రము గడపలోనికి రాని యింట పుట్టినవానికి ఈ తిమింగలముల గోల యెందులకని మిత్రులు పరిహసింతురు. దీనికి బీజము మదరాసులో, ఎగ్మూరు మ్యూజియములోని తిమింగలపు అస్థిపంజరము ఎదుట పడినది. అందరివలెనే నేనును దాని పొడవు చూచి అబ్బురపడి వచ్చితిని గాని, బయటికి వచ్చిన పిదప నన్ను వెంటాడిన ప్రశ్న పొడవును గూర్చినది గాదు; ఇంత దేహమును పోషించిన గ్రాసమేది యనునదే. ఎముకలు ఆ సంగతి చెప్పవు. పండ్లు లేని తిమింగలముల పైదవడనుండి వరుసగా వ్రేలాడుచు నీటిని వడకట్టు బలీను పలకలు ఎముకలు గావు, మన గోళ్ళును వెండ్రుకలును ఏ పదార్థముతో నేర్పడినవో అవియు ఆ పదార్థముతోనే ఏర్పడినవి, మాంసముతోబాటు రాలిపోవును. పండ్లకు మారుగా పందివెండ్రుకలవంటివి నోట గల తిమింగలమును గూర్చి అరిస్టాటిల్ సుమారు 2,300 ఏండ్ల క్రిందటనే వ్రాసి యుంచెను. కాని, ఆ వెండ్రుకలతో అది చేయు పని యేమో సరిగా తెలియుటకు మనుష్యులు దాని కడుపు చీల్చి చూచునంత సమీపమునకు పోవలసి వచ్చినది.

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రమున దక్షిణ జార్జియా యను మంచుకొండల దీవి కలదు. ఆ దీవిలో గ్రిట్వికెన్ అను రేవున 1904లో కార్ల్ అంటన్ లార్సెన్ అను నార్వే నావికుడు తిమింగలముల వేటకు కేంద్రము నెలకొల్పెను. పీపాలకొలది నూనె ఐరోపాకు పోసాగినది. దీపములకు, సబ్బులకు, పిమ్మట వంటకొవ్వులకు సయితము ఆ నూనెయే ఆధారమైనది. వేట యిట్లే సాగినచో తిమింగలము మిగులదని బ్రిటిషు ప్రభుత్వమునకు అనుమానము కలిగి, ఆ వేటపై విధించిన సుంకపు సొమ్ముతోనే 1925లో 'డిస్కవరీ పరిశోధనలు' అను పేర శాస్త్రజ్ఞుల బృందమును ఆ సముద్రమునకు పంపినది. చచ్చినవాని యాస్తితో వాని జీవితచరిత్ర వ్రాయించినట్లున్నదీ యేర్పాటు. ఆ బృందమునకు నాయకుడు స్టాన్లీ కెంప్. ఈయన అంతకు ముందు కలకత్తాలో, భారత జంతుశాస్త్ర సర్వేక్షణమున పనిచేసి, మన దేశపు రొయ్యలను పీతలను వర్గీకరించిన పండితుడు. తిమింగలముల సంగతి తేల్చుటకు రొయ్యల పండితుని పంపుట చూచువారికి విడ్డూరముగా నుండవచ్చును. కాని, ఆ యెంపిక యెంత సమంజసమైనదో గ్రిట్వికెన్ తిన్నెమీద తెలియవచ్చినది.

తిన్నె యనగా సముద్రమునుండి ఏటవాలుగా పైకి పరచిన చెక్కల చప్టా. గొలుసులతో పైకి లాగిన కళేబరము చుట్టును పొడవైన కత్తులు పట్టిన నార్వే కూలీలు చేరి కొవ్వును పొరలు పొరలుగా ఒలుచుచుండగా, నెత్తుటితోను నూనెతోను కాలు నిలువని ఆ చెక్కలమీద మాకింతోష్, వీలర్ అను ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు కొలతబద్దలును పుస్తకములును పట్టుకొని తిరిగిరి. పనివారు ఆగరు, నూనె చెడకముందే కొవ్వు కుండల కెక్కవలెను. ఒక కత్తికిని మరియొక కత్తికిని నడుమ చిక్కిన వ్యవధిలోనే కడుపు తెరిపించుకొని అందులోని దానిని చూచి, కొలిచి, వ్రాసికొనవలెను. నీలి తిమింగలముల కడుపులలోను ఫిన్ తిమింగలముల కడుపులలోను వారికి దొరకినది దాదాపు ఒక్కటే వస్తువు: ఎఱ్ఱని ముద్ద. చేత తీసి విడదీసి చూచినచో, చిటికెనవ్రేలికి మించని దేహములు, సన్నని మీసములు, ఒక్కొక్కదానికి రెండేసి నల్లని కన్నులు. అదియే క్రిల్. ఆ దక్షిణ సముద్రమున అడుగులకొలది లోతున, మైళ్ళకొలది మేర, గుంపులు గట్టి తిరుగు రొయ్యవంటి ప్రాణి. భూమిపై ఎన్నడు పుట్టిన జంతువులలో కెల్ల పెద్దదైన నీలి తిమింగలము, నూరడుగుల దేహమును ఆ చిటికెనవ్రేలంత దానితో పోషించుకొనుచున్నది. వారే 1926లో దక్షిణాఫ్రికాలోని సల్దాన్యా అఖాతమునకు పోయి అక్కడి కళేబరములను చూడగా, వెచ్చని నీటికి వచ్చిన తిమింగలముల కడుపులు చాలవరకు ఖాళీ. వేసవిలో ధ్రువముదగ్గర తినుట, చలికాలమున ఉష్ణసముద్రములలో ఉపవసించి పిల్లలను కనుట. తిమింగలముల జీవితమున విందును ఉపవాసమును ఇట్లు పాళ్ళు పంచుకొన్నవని 1929లో వారు వెలువరించిన బృహన్నివేదికవలన లోకమునకు రూఢిగా తెలిసినది.

ఇది తల్లి చూపా, దాయాది చూపా? రెండును గాదనవలెను. మేత తెలిసినచో మంద యెంతో తెలియును, మంద తెలిసినచో ఏడాదికెన్ని కోయవచ్చునో తెలియునను కసాయివాని వివేకము అందులో కొంత యున్నది. వలలు లాగి లాగి ప్లవకముల రంగులు చిత్రించుకొన్న, ఆ బృందములోని ఆలిస్టర్ హార్డీ వంటివాని నిర్మలమైన వేడుకయు కొంత యున్నది. కాని వారి నివేదిక సిరా ఆరకముందే, 1930–31 ఋతువులో, ఆ సముద్రమున సుమారు 29,000 నీలి తిమింగలములు ఒక్క యేట కూలినవి. ఏమి తినునో తెలిసినది. తినుటకు అవి మిగులవలెనను సంగతి మాత్రము తెలిసియు ఎవరికిని పట్టలేదు.

కడుపు చీల్చి చదువు విద్య ఇంకొక విచిత్రమును కూడ చూపినది. పండ్లు గల స్పెర్మ్ తిమింగలము వెలుతురు చొరని లోతులకు దిగి స్క్విడ్లను వేటాడును. స్క్విడ్ మాంసము గడియలలో జీర్ణమైపోవును గాని దాని ముక్కు జీర్ణము గాదు. చిలుకముక్కువలె వంగి, నల్లగా నిగనిగలాడు ఆ గట్టి ముక్కులు ఒక్క తిమింగలపు కడుపున వేలకొలది పోగుపడి యుండును. 1950లలో వేట ఓడలపై తనిఖీదారుగా పోయిన మాల్కం క్లార్క్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ ముక్కులనే పట్టుకొని జీవితమంతయు గడిపెను. ముక్కు వంపునుబట్టి జాతిని, పరిమాణమునుబట్టి స్క్విడ్ బరువును లెక్కకట్టు పద్ధతులను తీర్చిదిద్ది 1986లో ఒక చేతిపుస్తకముగా ప్రకటించెను. మనుష్యుని వల యెన్నడును పట్టజాలని జీవములు తిమింగలమునకు నిత్యాహారమని ఆ ముక్కులవలన తేలినది. అన్ని స్క్విడ్లలోను బరువైన మహాస్క్విడ్ మనుష్యులకు తొలిసారిగా తెలిసినది సముద్రమున గాదు. స్పెర్మ్ తిమింగలము కడుపున దొరకిన రెండు చేతుల ముక్కలనుబట్టి 1925లో దానికి పేరు పెట్టిరి. సుగంధద్రవ్యముల వర్తకులు బంగారముతో తూచు అంబరు కూడ ఈ తిమింగలపు ప్రేగులలో పుట్టునదే; పగులగొట్టినచో అందులోనుండియు ఆ ముక్కులే బయటపడును. రాజులు పూసికొన్న పరిమళము అజీర్ణమునుండి పుట్టినదని తలచినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును.

ఈ చావుల గ్రంథమున మన సముద్రపు పుట యొకటి కలదు. 1966 నవంబరులో సోవియట్ వేటనావలు నిషేధమును లెక్కచేయక అరేబియా సముద్రమున ఒమాన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరముల చేరువను రెండువందల నలభైకి చేరువగా హంప్‌బ్యాక్ తిమింగలములను చంపినవి. ఆ లెక్కలు దాచిపెట్టబడి, సోవియట్ రాజ్యము కూలిన తరువాత, 1997లో మిఖలేవ్ అను శాస్త్రజ్ఞునిచేత బయటికి వచ్చినవి. వెచ్చని సముద్రమున ఉపవసించునని శాస్త్రము చెప్పిన జాతి కడుపులలో ఇచ్చట చేపలును క్రిల్ వంటి ప్రాణులును ఉన్నవి. నైరృతి ఋతుపవనము ఒమాను తీరమున అడుగునీటిని పైకి తోడి మేత పుట్టించుచుండగా ధ్రువమునకు పోవలసిన యక్కర వీనికి లేదు; ఇచ్చటనే తిని, ఇచ్చటనే కని, ఇచ్చటనే యుండును. ఇంత చిన్న గుంపునుండి అన్నింటిని తీసిన పిదప తెలిసిన సంగతి యిది.

చచ్చిన కడుపు ఏమి తిన్నదో చెప్పును గాని ఎట్లు తిన్నదో చెప్పదు. వండినవారినిగాని వడ్డించినవారినిగాని చూడక ఎంగిలి విస్తరిని మాత్రము చూచి విందు వర్ణించుట యెట్టిదో ఆ నూరేండ్ల చదువు అట్టిది. ఈ శతాబ్దమున జెరెమీ గోల్డ్‌బోజెన్ మొదలైనవారు పొడవైన కఱ్ఱ చివర నమర్చిన చిన్న యంత్రమును, రబ్బరు గిన్నెల పట్టుతో, ఊపిరికై పైకి వచ్చిన తిమింగలము వీపున అంటించుట నేర్చిరి. కొన్ని గంటలు దానితో తిరిగి, తనంత తాను ఊడి తేలివచ్చు ఆ యంత్రము లోతును, వేగమును, ఒరుగుటను, శబ్దమును, కొన్నింటియందు చిత్రములను గూడ మోసికొని వచ్చును.

అది చూపిన దృశ్యమును నేను పలుమార్లు మనస్సున నిలుపుకొనుటకు యత్నించితిని. నీలి తిమింగలము వందల అడుగుల లోతునకు దిగి, క్రిల్ గుంపునకు కొంత దూరమున తోక విసరి వేగమందుకొని, ఆ వేగముతోనే తన నోటిని ఇంచుమించు లంబకోణము దాక తెరచును. తెరచిన క్షణమున నీటి తాకిడికి గొంతు క్రింది మడతలన్నియు విచ్చుకొని, నాలుక వెనుకకు తలక్రిందులై, గదవనుండి బొడ్డుదాక సంచివలె ఉబ్బి, తన దేహపు బరువును మించిన నీటిని ఒక్క గ్రుక్కలో పట్టుకొని, ఆ బరువుతో ఉన్నచోటనే నిలిచిపోవును. పిదప నోరు మూసి, నీటిని బలీను పలకల సందులగుండా మెల్లగా బయటికి నెట్టి, లోపల మిగిలినదానిని మ్రింగును. గుంపు చెదరకముందే పట్టవలెనని కొన్నిమారులు వెల్లకిల పడి, పూర్తిగా చుట్టు తిరిగి క్రిందినుండి నోరు తెరచుట కూడ ఆ యంత్రములలో నమోదైనది. రెండు దవడల నడుమ గదవలో, ఈ తెరచుటను మూయుటను నడుపునట్టి జ్ఞానేంద్రియ మొకటి యున్నదని 2012లో కనుగొనిరి. తిమింగలములను అన్నివేల కోసినవారి కండ్లకు అది పడలేదు. ఇంత శ్రమయు ఇంత వ్యయమును క్రిల్ దట్టముగా నున్నచోటనే గిట్టుబాటగును. పలుచని చోట నోరు తెరచినచో తిన్నదానికన్న ఖర్చైనది ఎక్కువ. కావున తిమింగలము చూచి చూచి, సరియైన చోటు దొరకిన పిదపనే నోరు విప్పును. దాని యాకలికి మితి లేదు గాని దాని తిండికి మితి యున్నది.

2021లో మాథ్యూ సవోకా మున్నగువారు ఈ యంత్రములను, డ్రోన్ చిత్రములను, క్రిల్ సాంద్రతను కొలుచు ప్రతిధ్వని యంత్రములను కలిపి, ఏడు జాతులకు చెందిన 321 తిమింగలముల లెక్కలు తీసిరి. ఉత్తర పసిఫిక్ నీలి తిమింగలము మేతదినములలో రోజునకు సుమారు 16 టన్నులు తినును. మునుపటి యంచనాలకు ఇది దాదాపు మూడు రెట్లు. కడుపు కోసి చూచినవారందరును తక్కువగా లెక్కించిరన్న మాట. ఈ యంకె వచ్చిన నాడు దాయాది పక్షమువారు ఎంత సంబరపడి యుందురో నేను ఊహించుకొంటిని. ఆ సంగతికి తరువాత వచ్చెదను.

ఎంత తినుననుటకన్న ఎట్లు నేర్చుననుట నాకు ప్రియమైన భాగము. మెయిన్ అఖాతమున 1980లో ఒక హంప్‌బ్యాక్ తిమింగలము చేపలను చుట్టుముట్టుచు బుడగలు వదలుటకు ముందు తోకతో నీటిని చఱచుట కనబడినది. అంతకు ముందు ఎవ్వరును చూడని యలవాటు. తరువాతి సంవత్సరములలో హెఱ్రింగ్ చేపలు తగ్గి, ఇసుకచేపలు పెరిగిన కాలమున, ఆ తోకచఱపు ఒకదానినుండి మరియొకదానికి ప్రాకినది. దానితో కలిసి తిరుగు తిమింగలములే దానిని నేర్చినవని దశాబ్దముల నమోదులను పరిశీలించి 2013లో తేల్చిరి. పంక్తిభోజనమున పక్కవాని చూచి తాను నేర్చుట మనకే గాదు.

నేర్చినదానిని విడువలేకపోవుట యింకను విస్మయకరము. కెనడా పశ్చిమతీరమున ఓర్కా అను పండ్ల తిమింగలములలో రెండు ముఖ్యమైన తెగలు కలవు. ఒక తెగవి చేపలనే తినును, అందును చినూక్ సాల్మన్‌పైననే మక్కువ. రెండవ తెగవి సీలులను, చిన్న తిమింగలములను వేటాడును, చేపను ముట్టవు. ఒకే నీటిలో తిరుగుచును వీనికి పొత్తు లేదు. ఈ భేదము శాస్త్రజ్ఞులకు తెలియని రోజులలో, 1970 మార్చిలో, వాంకూవర్ దీవి దక్షిణపు కొసన పెడర్ అఖాతమున ఐదు ఓర్కాలను వలతో బంధించిరి. రెంటిని అక్వేరియమునకు తరలించి మూడింటిని అచ్చటనే యుంచి సాల్మన్ చేపలు వేయగా, అవి రెండు నెలలకు పైగా ముట్టలేదు. ఎముకలు తేలినవి. ఒకటి చచ్చినది. చివరకు మిగిలిన రెండును చేప తిన్నవి. మరికొన్ని నెలలకు ఎవరో వల దించగా సముద్రమునకు తప్పించుకొని పోయి తమ తెగలో చేరి మరల సీలులనే తిన్నవి. మడిగట్టుకొన్న ముసలమ్మ పరాయి యింట పచ్చిగంగయైనను ముట్టక కూర్చున్న దృశ్యము నెరిగినవానికి ఆ ఓర్కాల పట్టుదల మూఢత్వమని తోపదు. ఆకలి దేహమునది, ఏది ఆహారమో నిర్ణయించునది మాత్రము తల్లి నేర్పిన చదువు.

చంపకయు బంధింపకయు తెలిసికొను మార్గము చివరకు మిక్కిలి నీచమని మనము తలచు పదార్థమున దొరకినది. తిమింగలము విసర్జించు మలము కొంతసేపు నీటిపై తేలును. క్రిల్ తిన్నదైనచో అది ఇటుకరంగున నుండును. దానిని వలగుడ్డతో దేవి, అందలి డీఎన్ఏను చదివి, ఏ జీవము ఆ కడుపునబడినదో చెప్పవచ్చును. సాన్ హువాన్ దీవుల వద్ద వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు ఈ పనికి టక్కర్ అను నల్లకుక్కను పడవ ముక్కున నిలిపిరి. అది గాలిలో వాసన పట్టి యెటు మెడ చాచునో పడవ అటు తిప్పుదురు. ఆ కుక్కకు నీటిలో దిగుట యన్నచో భయమట! ఆ కుక్క చూపిన మలములలోని హార్మోనులనుబట్టి సామ్యూల్ వాసర్ బృందము 2017లో చెప్పిన సంగతి కఠినమైనది: 2008కి 2014కి నడుమ చేపలు తిను ఓర్కాల దక్షిణపు గుంపులో గుర్తించిన గర్భములలో 69 శాతము దాక నిలువలేదు; చినూక్ చేపలు కరవై తల్లులు పస్తులుండుట అందుకు ముఖ్యకారణము. బిడ్డ యేల బక్కచిక్కినదని అడుగు చూపు ఇచ్చట నాకు స్పష్టముగా కనబడుచున్నది.

మనకు చేరువలో, సింహళ తీరమున, నీలి తిమింగలములు ఏడాది పొడవునను కనబడుచుండును. ధ్రువమునకు పోవు నియమము వీనికి లేదు. ఆశా డి వోస్ అను సింహళ శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో వీని మలమును పరీక్షించి 2018లో ప్రకటించినదేమనగా, వీనికి ప్రధానాహారము క్రిల్ గాదు, సెర్జెస్టిడ్ కుటుంబపు చిన్న రొయ్యలు. ఈ వాక్యము చదివినప్పుడు నేను కుర్చీలోనుండి లేచితిని. ఆ కుటుంబమునకే చెందిన చిన్న రొయ్యల జాతులు మన తీరమున వలలకు చిక్కి, ఇసుకలో ఎండి, రొయ్యపొట్టుగా సంతల కెక్కును. చేపల అంగడిలో గోనెపట్టాపై రాశిగా పోసిన దానిని ఒక గుప్పెడు తీసి అరచేత పరచి చూడుడు: వేలెడైనను లేని వంకర దేహములు, కాగితపు పొరవంటి పెంకు, ఒక్కొక్కదానికి రెండు నల్లని చుక్కలు కన్నులు, వేలితో నొక్కినచో పొడియగును, వాసన మాత్రము మూడిండ్ల అవతలికి పోవును. వంకాయతో మా యింట కలిపి వండు పదార్థమునకు దగ్గరి చుట్టముతో హిందూ మహాసముద్రపు నీలి తిమింగలము పొట్ట నింపుకొనుచున్నదని తెలిసిన పిదప, ఆ కూర ముందు కూర్చుండుట నాకు కొంత గౌరవముగానే యున్నది.

ఇక దాయాది లెక్కకు వచ్చెదను. ఇరువదవ శతాబ్దమున దక్షిణార్ధగోళమున ఇరువది లక్షల తిమింగలములు చంపబడినవి. అవి తినవలసిన క్రిల్ మిగిలిపోయి యుండవలెను గదా యని 1977లో రిచర్డ్ లాస్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు లెక్కవేసి, ఏడాదికి 15 కోట్ల టన్నుల మిగులు తేల్చెను. అన్న చచ్చినచో అన్న వాటా తమ్మునికి వచ్చునను ధర్మశాస్త్రము సముద్రమునకును వర్తించునని అందరును నమ్మిరి. సోవియట్, జపాన్ ఓడలు ఆ మిగులును పట్టుటకు బయలుదేరినవి. కాని మిగులు కనబడలేదు. దక్షిణ అట్లాంటిక్ భాగమున 1970ల పిదప క్రిల్ సాంద్రత తగ్గుచు వచ్చినదని వలల లెక్కలు చెప్పినవి. సముద్రపు మంచు తరుగుట ఒక కారణము కావచ్చును. రెండవ కారణమును ఆ యిటుకరంగు మలమే చెప్పినది. ధ్రువసముద్రమున ఇనుము కరవు. ఇనుము లేనిదే సూక్ష్మశైవలములు పెరుగవు. అవి లేనిదే క్రిల్‌కు మేత లేదు. స్టీఫెన్ నికోల్ మున్నగువారు 2010లో కొలువగా, తిమింగలపు మలములో చుట్టునున్న సముద్రజలమునకు కోటిరెట్లు ఇనుము గాఢముగా నున్నది. లోతున తినుట, పైకి వచ్చి విసర్జించుట. ఇట్లు తిమింగలము తన మేతపొలమునకు తానే ఎరువు చల్లుచున్నది. వేటకు ముందు అచ్చటి తిమింగలములు ఏడాదికి 43 కోట్ల టన్నుల క్రిల్ తిని యుండునని సవోకా లెక్క. ఈనాడు ఆ సముద్రమున ఉన్న క్రిల్ అంతయు కలిపినను అంత లేదు. తినువాడు పోయిన పిదప గాదెయే తరిగినది! దాయాది పద్దులో ఇట్టి కూడికకు గడి లేదు.

లేకున్నను ఆ పద్దు మూయబడలేదు. తిమింగలములు మన చేపలను తినివేయుచున్నవని వాదించు దేశములలో జపాను ముందున్నది. పరిశోధన పేర 1987నుండి అంటార్కిటిక్‌లో మింకీ తిమింగలములను చంపుచు, వాని కడుపులు తెరచి చూచుట శాస్త్రమనిరి. ఆస్ట్రేలియా వేసిన వ్యాజ్యముపై హేగులోని అంతర్జాతీయ న్యాయస్థానము 2014 మార్చి 31న, 12–4 ఆధిక్యముతో, అది శాస్త్రార్థమైన వేట గాదని తీర్పు చెప్పినది. మన దేశపు న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఆ పన్నెండుగురిలో నుండి తన యభిప్రాయమును వేరుగా వ్రాసెను. 2005నుండి సుమారు 3,600 మింకీలను చంపి, వానిపై సరియైన పత్రికలలో అచ్చువేసిన పత్రములుగా చూపగలిగినవి రెండే! తీర్పులోని ఈ యంకె చదివినప్పుడు గ్రిట్వికెన్ తిన్నెమీద నెత్తుటిలో నిలిచి వ్రాసికొన్న ఆ ఇద్దరు యువకులమీద నా గౌరవము రెట్టింపైనది. వారు కనీసము ఒక్క కడుపును వ్యర్థము చేయలేదు.

2022 జనవరిలో దక్షిణ ఓర్క్నీ దీవుల చెంత, కొరొనేషన్ దీవి యొద్ద, సుమారు వేయి ఫిన్ తిమింగలములు ఒకేచోట మేయుచుండగా చూచినవారున్నారు. వేట ముగిసిన పిదప అంత గుంపు కనబడుట అపూర్వము. ఆ గుంపు నడుమనే నాలుగు క్రిల్ వేట ఓడలు వలలు లాగుచుండెను. ఇట్లు మనుష్యుడును తిమింగలమును సహపంక్తికి కూర్చుండిరి. ఓడలు పట్టిన క్రిల్ సాల్మన్ పెంపకపు మేతలోనికి, రొయ్యల మేతలో రుచికై కలుపు పిండిలోనికి, మందుల దుకాణములలో ఎఱ్ఱని గుళికలుగా అమ్ము నూనెలోనికి పోవును. గోదావరి జిల్లాల చెరువుగట్లమీద మేత బస్తా విప్పు రైతునకు దక్షిణధ్రువముతో చుట్టరిక మున్నదని చెప్పినచో నవ్వునేమో గాని, ప్రపంచపు రొయ్యల వ్యాపారమున ఆ పిండికి చోటున్నది.

ఆ పంక్తికి వడ్డన నిర్ణయించునది, ఆస్ట్రేలియాలోని హోబార్టున ఏటేట కూడు అంటార్కిటిక్ సముద్రజీవ సంరక్షణ సంఘము. దక్షిణ అట్లాంటిక్ భాగమునకు ఏడాదికి 6,20,000 టన్నుల క్రిల్ అను హద్దు వారు పెట్టినదే. సముద్రపు రాశితో పోల్చినచో అది స్వల్పము. చిక్కు ఎంత యనుటలో లేదు, ఎక్కడ యనుటలో నున్నది. పట్టునదంతయు ఒకేచోట పట్టక నాలుగు భాగములకు పంచవలెనను నియమము 2024లో గడువు తీరిపోగా, దానిని పొడిగించుటకు సభ్యులలో ఏకాభిప్రాయము కుదరలేదు. మరుసటి ఋతువున ఓడలు హంప్‌బ్యాకులు మేయు అంటార్కిటిక్ ద్వీపకల్పపు నీటిలో గుమిగూడినవి. 2025లో తొలిసారిగా, ఋతువు ముగియకముందే హద్దు నిండి వేట ఆపవలసి వచ్చినది. ఆ సంఘమున తీర్మానమేదైనను సభ్యులందరును ఒప్పుకొన్నగాని చెల్లదు. ఒక్కరు తల అడ్డముగా ఊపినను చాలును. 1980ల నడుమనుండి ఆ బల్ల చుట్టును కూర్చుండు సభ్యదేశములలో భారతదేశమును ఒకటి.